నంగునూరు దారిలో పాలగడ్డ

జున్ను అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఊళ్లో జున్ను అంటే ఈనిన బర్రె తొలిపాలను బెల్లంతో కలిపి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చే గడ్డ. బడి పుస్తకంలో, పత్రికలో జున్ను అంటే చీజ్. పిల్లల కథల్లో కాకి ముక్కున పట్టుకున్నదీ, ఎలుక బోనులో పెట్టేదీ ఇదే. రెండూ పాలలోంచి వచ్చినవే, రెండూ కత్తి పెడితే ముక్కలుగా తెగుతాయి. కానీ మొదటిదాన్ని గట్టిపరిచేది ఒక రకం ప్రొటీన్, రెండోదాన్ని గట్టిపరిచేది మరో రకం ప్రొటీన్. మొదటిది తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. రెండోది టిన్ను డబ్బాల్లో, రేకు కాగితాల్లో చుట్టుకొని వచ్చిన కొత్త సరుకు. పాడి ఇంతగా ఉన్న నేలలో చీజ్ ఎందుకు పుట్టలేదన్నది చిన్న ప్రశ్న కాదు. దానికి సమాధానంలో ఎక్కువ భాగం ఒక పశువుల కొట్టంలోనే కనిపిస్తుంది.

సిద్దిపేట పట్టణం నుంచి తూర్పుగా అరగంటకు కాస్త అటూ ఇటూగా ప్రయాణిస్తే నంగునూరు వస్తుంది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా ఇది మెదక్ జిల్లాలోని మండల కేంద్రం. దారికి రెండు పక్కలా వరి, మక్క, పత్తి. మధ్యమధ్య గుట్టలు, గుండ్రాళ్లు. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి గోదావరి నీళ్లు చేరాక ఈ వైపు వరి పెరిగింది. వరి పెరిగితే గడ్డివాములూ పెరుగుతాయి. పొద్దున్నే ఈ దారిన వెళ్తే మోటారు సైకిళ్లకు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకొని పోయేవాళ్లు ఎదురవుతారు.

బర్రెలు ఎక్కువగా ఈనేది వానకాలం నడుమ నుంచి చలికాలం దాకా. ఆ నెలల్లో వెళ్తేనే జున్ను దొరుకుతుంది. ఈనిన మొదటి పూట పాలు దూడవి. ఇది ఆచారమే కాదు, శాస్త్రం కూడా. ఆవు, బర్రె కడుపులో ఉన్న దూడకు తల్లి రక్తం నుంచి రోగనిరోధక ప్రొటీన్లు అందవు. అవన్నీ ముర్రుపాలలోనే ఉంటాయి. పుట్టిన కొద్ది గంటలు మాత్రమే దూడ పేగు ఆ పెద్ద ప్రొటీన్లను విరగ్గొట్టకుండా నేరుగా రక్తంలోకి తీసుకోగలదు. ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే దూడ కడుపు నిండాక మిగిలినవే సర్వలోకి పిండాలి. బర్రెపాలలో మామూలుగా నాలుగు శాతానికి కాస్త అటూ ఇటూ ఉండే ప్రొటీన్ తొలిపాలలో పది శాతం దాటుతుంది. ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఇమ్యునోగ్లోబులిన్లు అనే ఆ రోగనిరోధక ప్రొటీన్లే. చెయ్యి పెడితే పాలు జిగటగా, బరువుగా తగులుతాయి.

ఆ పాలలో మామూలు పాలు కొన్ని, తురిమిన బెల్లం, దంచిన మిరియాలు, రెండు యాలకులు వేసి గిన్నెను నీళ్లున్న మరో గిన్నెలో పెట్టి మూత వేస్తారు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టే, 65 డిగ్రీలు దాటాక ఈ ప్రొటీన్ల ముడులు విప్పుకొని ఒకదానికొకటి చుట్టుకుంటాయి. పావుగంట, ఇరవై నిమిషాల్లో గిన్నె అంతా ఒకే గడ్డ అవుతుంది. చెంచా దించి తీస్తే అంచులు నున్నగా తెగి, ఆ గుంటలోకి బెల్లం రంగు తేట మెల్లగా ఊరుతుంది. నిమ్మరసం గానీ, తోడు గానీ, బయటి నుంచి ఏ గడ్డకట్టించే పదార్థం గానీ వేయలేదు. పని అంతా వేడిదే. జున్నుపాలను చాలా ఇళ్లలో అమ్మరు. గిన్నెల్లో పోసి వాడకట్టుకు పంచుతారు. మిఠాయి దుకాణాల్లో గుడ్లతోనో, చైనాగ్రాస్‌తోనో చేసి అదే పేరుతో అమ్మేది వేరే వంటకం.

మామూలు పాలను ఎంత మరిగించినా ఇలా గడ్డకట్టవు. మరిగితే మీద తరక కడుతుందంతే. దానికి కారణం కేసీన్. మామూలు పాల ప్రొటీన్‌లో అయిదింట నాలుగు వంతులు ఇదే. కేసీన్ అణువులు వేలకొద్దీ ఒకచోట చేరి, నడుమ కాల్షియం ఫాస్ఫేట్‌ను పట్టుకొని, చిన్న చిన్న ఉండలుగా పాలలో తేలుతుంటాయి. వాటిని మిసెల్‌లు అంటారు. ఒక్కో ఉండ అడ్డుకొలత మిల్లీమీటరులో పది వేల వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాల తెల్లదనానికి కొవ్వు బొట్లతో పాటు ఈ ఉండలు కూడా కారణం. వెలుగు వీటి మీద పడి నాలుగు వైపులా చెదురుతుంది. ప్రతి ఉండ పైనా కప్పా కేసీన్ అనే ప్రొటీన్ నూగులా నిలబడి ఉంటుంది. ఆ నూగు మీద రుణావేశం ఉండడం వల్ల ఒక ఉండ ఇంకోదానికి అంటుకోదు. పాలను పాలుగా నిలబెట్టేది ఈ నూగే.

ఆ నూగును వంచడానికి పల్లె వంటింట్లో ఉన్న సాధనం తోడు. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాల పీహెచ్ 6.7 దగ్గర మొదలై 4.6 వైపు దిగుతుంటే ఉండల మీది ఆవేశం పోయి అవి మెత్తని వలగా అల్లుకుంటాయి. అదే పెరుగు. వేడి పాలలో పులుపు ఒక్కసారిగా పడితే వల అల్లుకునే తీరిక ఉండదు. ముక్కలు ముక్కలుగా విడిపోయి తేట వేరవుతుంది. ఎండాకాలం పొద్దున కాచడం ఆలస్యమైతే జరిగేది అదే. ఈ వైపు ఆడవాళ్లు “పాలు పలిగినయి” అనేది దాన్నే. ఆ పలిగిన పాలను గుడ్డలో వడగట్టి, బరువు పెట్టి గంటసేపు ఉంచితే పన్నీర్. 80 డిగ్రీలు దాటి కాచిన పాలతో చేస్తారు కాబట్టి తేట ప్రొటీన్లు కూడా కేసీన్‌కు అంటుకొని గడ్డలోనే నిలుస్తాయి. పన్నీర్‌ను నూనెలో వేయించినా కరగదు. వేడిని, పులుపును ఒకేసారి తట్టుకొని పుట్టిన గడ్డ కదా.

అసలు చీజ్‌కు ఈ రెండూ సరిపోవు. దానికి మూడో దారి కావాలి. ఆ దారి తెలిసిన జీవి ఇదే కొట్టంలో గుంజకు కట్టేసి ఉంది.

పాలు తాగే దూడకు నాలుగు గదుల పొట్టలో అప్పటికి ప్రధానంగా పనిచేసేది నాలుగోది. మొదటి మూడు గదులు గడ్డి మేయడం మొదలయ్యాక పెరుగుతాయి. దూడ పొదుగు కుడిచేటప్పుడు పాలు ముందు గదులను తప్పించుకొని ఒక కాలువ లాంటి మడత గుండా నేరుగా నాలుగో గదికి చేరుతాయి. అక్కడ కైమోసిన్ అనే ఎంజైము ఊరుతుంది. కప్పా కేసీన్ గొలుసులో 169 అమైనో ఆమ్లాలున్నాయి. కైమోసిన్ వాటిలో 105వ దానికీ, 106వ దానికీ మధ్య ఒక్కచోటే తెంపుతుంది. తెగిన నూగు తేటలోకి జారిపోతుంది. నూగు పోయిన ఉండలు కాల్షియం తోడుతో ఒకదాన్నొకటి పట్టుకొని కొద్ది నిమిషాల్లోనే గడ్డకడతాయి. పులుపు అక్కర్లేదు, మరిగే వేడీ అక్కర్లేదు. ఒంటి వేడి చాలు. గడ్డ కట్టకపోతే పాలు నీళ్లలా పేగులోకి జారిపోయేవి. గడ్డ కట్టినందువల్ల గంటల తరబడి పొట్టలో నిలిచి కొంచెం కొంచెంగా అరుగుతాయి. పాలు తాగి, తోక ఆడించి, గడ్డి మీద పడుకున్న దూడ కడుపులో జరుగుతున్నది చీజ్ తయారీలో మొదటి అంకమే.

ఆ నాలుగో పొట్టను ఎండబెట్టి, ఉప్పునీళ్లలో నానబెట్టి తీసిన రసమే రెన్నెట్. దాన్ని మొదట ఎవరు కనిపెట్టారో చరిత్రలో లేదు. ఒంటె మీద పొట్టతోలు సంచిలో పాలు పోసుకొని ఎడారి దాటిన వర్తకుడి కథ ప్రపంచమంతా చెప్పుకుంటారు గానీ అది కథే. మట్టిపాత్రలు చెప్పేది మరింత నమ్మదగ్గది. పోలండ్‌లోని కుయావియా ప్రాంతంలో దాదాపు 7,000 ఏళ్ల నాటి కుండపెంకులు దొరికాయి. ఒళ్లంతా చిల్లులే. అవి వడపోత పాత్రలై ఉంటాయని పురావస్తు శాస్త్రజ్ఞుడు పీటర్ బొగుకీ అనుమానించాడు. మట్టిలోకి ఇంకిన కొవ్వును పరీక్షించి, అది పాల కొవ్వేనని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 చివర్లో ప్రకటించారు. పాలను చిల్లుల కుండలో పోసి వడగట్టే అవసరం గడ్డకట్టిన పాలకే ఉంటుంది. ఈజిప్టులో సక్కారా దగ్గర ప్తాహ్‌మెస్ అనే అధికారి సమాధిలో దొరికిన తెల్లటి ముద్ద సుమారు 3,200 ఏళ్ల నాటి చీజ్ అని 2018లో తేలింది. చైనా పశ్చిమ అంచున తారిం ఎడారిలోని శియావోహె సమాధుల్లో మృతుల మెడల చుట్టూ పెట్టిన ముక్కలు అంతకన్నా పాతవి. వాటి డీఎన్ఏ చదివి, అవి కెఫిర్ అనే పుల్లపాలతో చేసినవని 2024లో రాశారు.

ఇలాంటి పాత సమాధులు నంగునూరు మండలంలోనూ ఉన్నాయి. నర్మెట, పాలమాకుల గ్రామాల పొలాల్లో పెద్ద పెద్ద బండలను వలయాలుగా పేర్చిన ఇనుప యుగపు సమాధులను జనం రాకాసిగుళ్లు అంటారు. 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. నర్మెటలో ఒక సమాధి మీది కప్పురాయి బరువు నలభై టన్నులకు పైమాటే. దాన్ని లేపడానికి క్రేన్లు తెప్పించాల్సి వచ్చింది. కింద ఎముకలు, కుండలు, ఎముకతో చేసిన పూసలు బయటపడ్డాయి. అంత రాయిని ఇనుప యుగం మనుషులు చేతులతో, దుంగలతో, బహుశా ఎడ్లతో ఎలా తెచ్చి నిలబెట్టారో ఆ బండ పక్కన నిలబడితే గానీ ఊహకు అందదు. చచ్చినవారికి కుండలు తోడుపెట్టిన ఆ మనుషుల కుండల్లో పాలు ఉండేవా, పెరుగు ఉండేదా అన్నది కుయావియా పెంకుల్లాగే రసాయన పరీక్షతో తేలాల్సిన సంగతి.

ఈ నేలలో పశువుల కాపరులు మాత్రం అంతకన్నా పాతవాళ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వాడు. నవీన శిలాయుగంలో కంచె వేసి మందలను కట్టి, పేరుకున్న పేడను ఏటేటా కాల్చిన చోటు అది. బూడిద పొరల మీద పశువుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లకు పూర్వం ఎవరో ఒక పొద్దున మందను బయటికి తోలిన గుర్తులు. పాడికి సంబంధించి గట్టి రసాయన సాక్ష్యం గుజరాత్‌లో కచ్ఛ్ ప్రాంతపు కోటడా భడ్లీ కుండల నుంచి వచ్చింది. సింధు నాగరికత కాలపు ఆ ఊళ్లో, క్రీ.పూ. 2500 ప్రాంతంలో, పాలను కాచి వాడేవారని 2020లో వెల్లడైంది. మందలు ఉన్నాయి, పాలు ఉన్నాయి, కుండలు ఉన్నాయి. గడ్డ మాత్రం ఐరోపా దారి పట్టలేదు.

మొక్కల రసమైనా లేకపోయిందా అంటే, అది ఊరి చుట్టూ ఉంది. పాలమాకుల పేరులోనే పాల మాకు ఉంది. మాకు అంటే చెట్టు. ఎండాకాలంలో పసుపుపచ్చని పాలపండ్లు కాసేది పాలచెట్టు. ఆ చెట్టు సంగతి ఎలా ఉన్నా, గాటు పెడితే తెల్లని రసం కారే మొక్కల్లో కొన్నిటికి పాలను విరగ్గొట్టే ఎంజైములున్నాయి. బొప్పాయి, మేడి, జిల్లేడు అలాంటివే. రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే పాలను గట్టిపరిచే వస్తువుల్లో గొర్రెపిల్ల పొట్టరసంతో పాటు అత్తిచెట్టు పాలనూ, కుసుమ గింజలనూ చెప్పాడు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో ఫులానీ పశుపాలకులు నేటికీ జిల్లేడు జాతి మొక్క రసంతో వాగాషి అనే చీజ్ చేస్తారు. రథసప్తమి నాడు తలమీద పెట్టుకొని స్నానం చేసే జిల్లేడు ఆకు తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. అయితే ఈ రసాలు కైమోసిన్‌లా ఒక్కచోట తెంపి ఊరుకోవు. కేసీన్‌ను అడ్డదిడ్డంగా కోసేస్తాయి. అందువల్ల గడ్డ మెత్తబడుతుంది, నిలవ ఉంచితే చేదెక్కుతుంది. జిల్లేడు పాలు పచ్చిగా విషం కూడా. చెయ్యి తిరిగినవాళ్లే చేయాల్సిన పని అది.

పులుపుతో విరిచిన పాలను మాత్రం దక్కన్ వంటగాళ్లు బాగానే ఎరుగుదురు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో క్షీరప్రకారం అనే తీపి ఉంది. కాచిన పాలను పుల్లని పదార్థంతో విరిచి, తేట తీసేసిన గడ్డతో చేసేది అది. కల్యాణి అంటే నేటి బసవకల్యాణ్, బీదర్ జిల్లా. సిద్దిపేటకు దూరమేమీ కాదు. కాబట్టి పలిగిన పాలు అశుభమని ఈ దేశం వాటిని ముట్టనే లేదనడం నిజం కాదు. ముట్టింది, తీపి చేసుకొని ఆ పూటకే తిన్నది. నిలవ పెట్టలేదంతే. పన్నీర్ అనే పారసీ మాట, ఆ వంటకం ఆ తర్వాత ఉత్తరాది మీదుగా వచ్చాయి. చాలా పల్లెల్లో అది పెళ్లి భోజనంలోకి వచ్చింది ఈ రెండు మూడు దశాబ్దాల్లోనే.

నిలవ పెట్టకపోవడానికి కారణం దాలి దగ్గర తెలుస్తుంది. గుంటలో పిడకల నిప్పు, మీద మట్టికుండలో పొద్దంతా మెల్లగా కాగే పాలు. ఇప్పుడు ఇవి కొన్ని ఇళ్లలోనే ఉన్నాయి. ఎర్రగా కాగిన పాలు సాయంత్రం తోడు పడి, తెల్లారి కవ్వం కింద చల్లా వెన్నా అయ్యేవి. వెన్నను కాస్తే నెయ్యి. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. నీరు లేని చోట సూక్ష్మజీవి బతకదు. కాబట్టి 42 డిగ్రీల ఎండలోనూ నెయ్యి నెలలపాటు నిలుస్తుంది. ఇక కేసీన్ అంతా చల్లలో ఉండిపోతుంది. దాన్ని జొన్న గటకలో పోసుకొని ఆ రోజే తాగేశారు. ఐరోపా రైతు కొవ్వునూ ప్రొటీన్‌నూ కలిపి గడ్డగా దాచుకున్నాడు. దక్కన్ రైతు కొవ్వును దాచి ప్రొటీన్‌ను పొలంలోనే ఖర్చుపెట్టాడు. పొద్దున్నుంచి ఎండలో పనిచేసేవాడికి నీళ్లూ, ఉప్పూ, ప్రొటీనూ ఒకే ముంతలో దొరకడం తక్కువ సంగతి కాదు. పైగా పెద్దయ్యాక కూడా పాలలోని చక్కెరను అరిగించుకునే జన్యు మార్పు ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో తక్కువమందికి ఉంది. పులిసిన పెరుగు, చల్ల వాళ్ల పొట్టకు తేలిక.

చీజ్ మాగాలంటే చల్లదనం కావాలి. ఎనిమిది నుంచి పధ్నాలుగు డిగ్రీల మధ్య, తేమ ఉన్న గదిలో నెలల తరబడి ఉండాలి. ఫ్రాన్స్‌లోని రోక్‌ఫోర్ ఊరికి కొంబాలూ కొండ గుహలే ఆస్తి. రాతి చీలికల గుండా వచ్చే చల్లగాలిలో గొర్రెపాల చీజ్ మీద నీలి బూజు పెరుగుతుంది. 1411లో ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ ఆ హక్కును ఆ ఊరివాళ్లకే రాసిచ్చాడు. సిద్దిపేట గుట్టల్లోనూ రాతి సొరికెలకు లోటు లేదు గానీ మే నెలలో ఆ రాయి మీద చెయ్యి పెట్టలేం. గొర్రెల సంగతి కూడా గమనించదగ్గది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నిటికన్నా ఎక్కువ తెలంగాణలోనే ఉన్నాయి. 1.9 కోట్లు. జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న గొల్లకురుమల దేవుడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా అక్కడ జాతరే. అయినా ఈ గొర్రె మాంసానికీ, గొంగడికీ పనికొచ్చేదే తప్ప పాడిది కాదు. దాని పాలు పిల్లకే సరి.

అన్నిటికన్నా బలమైన కారణం మళ్లీ దూడే. పొద్దున పాలు పిండేవేళ గమనిస్తే అర్థమవుతుంది. ముందు దూడను విప్పుతారు. అది పొదుగును తలతో రెండుసార్లు పొడిచి, నాలుగు గుక్కలు కుడిచాక బర్రె చేపుతుంది. అప్పుడు దూడను లాగి తల్లి ముందరే కట్టేస్తారు. తల్లి దాన్ని నాకుతూ నిలబడితేనే పాలు దిగుతాయి. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కుక్కి, బొమ్మ చేసి తల్లి ముందు నిలబెట్టిన రోజులున్నాయి. దేశీ ఆవుకూ, బర్రెకూ ఈ స్వభావం గట్టిది. రెన్నెట్ కావాలంటే పాలు తాగే వయసులోనే దూడను కోయాలి. కోస్తే పాలే ఆగిపోతాయి. పొట్ట, పేగులు తినడానికి వెనకాడే ప్రాంతం కాదిది. బోటి కూర ఇక్కడ ఇష్టమైన వంట. అడ్డొచ్చింది తిండి మీది ఏవగింపు అనుకోవడం కన్నా, దూడ లేకుండా పాడి లేదన్న రైతు లెక్క అనుకోవడమే సబబు. ఆవు మీది భక్తి ఆ లెక్కకు తోడైంది.

దూడను ముట్టకుండా కైమోసిన్ తీయడం 20వ శతాబ్దపు పని. డెన్మార్క్‌లో క్రిస్టియన్ హాన్సెన్ 1874లో ఒకే బలం ఉండే రెన్నెట్‌ను సీసాల్లో అమ్మకానికి పెట్టాడు. అది దూడ పొట్టదే. తర్వాత రైజోమ్యూకర్ అనే బూజు నుంచి అదే పని చేసే ఎంజైము దొరికింది. ఆపైన దూడ జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి తొట్లలో పులియబెట్టి కైమోసిన్ తీశారు. 1990లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో వర్గీస్ కురియన్, హరిచంద్ మేఘా దలాయా బర్రెపాలను పొడి చేయలేమన్న మాటను 1955లో అబద్ధం చేశాక, అక్కడి సహకార సంఘం బర్రెపాల చీజ్‌కూ పూనుకుంది. దేశంలో అమ్ముడయ్యే చీజ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందంటే అందులో దూడ పొట్ట రెన్నెట్ లేదని అర్థం.

బర్రెపాలతో చీజ్ అంత సులువు కాదు. వాటిలో కొవ్వు ఏడు శాతం దాకా ఉంటుంది. కేసీన్, కాల్షియం ఆవుపాల కన్నా ఎక్కువ. రెన్నెట్ పడగానే గబగబా గట్టిపడి, తేట తొందరగా వదిలేసి, ఎండిన గడ్డ అవుతుంది. చెడ్డార్ లాంటిది చేస్తే పొడిపొడిగా, రబ్బరులా తయారై, మాగడానికి చాలాకాలం తీసుకుంటుంది. అదే గుణం మొజరెల్లాకు వరం. ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల కంపానియాలో మొజరెల్లా బర్రెపాలతోనే మొదలైంది. నంగునూరు కొట్టాల్లోని ముర్రా సంకరానిదీ, అక్కడి బర్రెదీ నదీజాతి అనే ఒకే వర్గం. గడ్డను పీహెచ్ 5.2 దగ్గరికి పులవనిచ్చి, వేడినీళ్లలో వేసి పిసికి లాగితే కేసీన్ దారాల్లా సాగుతుంది. పుల్లదనం కొంత కాల్షియాన్ని బయటికి లాగేయడం వల్ల పట్టు సడలి ఆ సాగుడు వస్తుంది. బర్రెపాలలో పసుపు రంగునిచ్చే కెరోటిన్ ఉండదు కాబట్టి గడ్డ పాలలాగే తెల్లగా ఉంటుంది.

సాయంత్రం సిద్దిపేటకు తిరిగొస్తే పిజ్జా దుకాణంలో ఆ దారాలే కనిపిస్తాయి. కాలేజీ పిల్లలు ముక్క ఎత్తితే పళ్లెం దాకా సాగుతుంది. పక్కన కిరాణా కొట్టులో రేకు కాగితం చుట్టిన ఘనాలు వేరే రకం. మాగిన చీజ్‌ను తురిమి, ఫాస్ఫేటు, సిట్రేటు లవణాలతో కలిపి కరగబెట్టి పోతపోసినవి. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్‌లో గెర్బర్, స్టెట్లర్ మొదలుపెట్టిన పద్ధతి అది. వేడి దేశాలకు ఎగుమతి చేయడానికి పుట్టిన చీజ్ కాబట్టి తెలంగాణకు ముందు చేరింది కూడా అదే. తెలుగు పాల వ్యాపారానికీ చీజ్ లోకానికీ నేరుగా చుట్టరికం 2014లో కుదిరింది. ఆ ఏడు ఫ్రెంచి చీజ్ సంస్థ లాక్టాలిస్ హైదరాబాదు కేంద్రంగా ఉన్న తిరుమల పాల సంస్థను కొన్నది. పడమరగా కామారెడ్డిలో పశువైద్య విశ్వవిద్యాలయం కింద పాడి సాంకేతిక కళాశాల ఉంది. చీజ్ తయారీ అక్కడి చదువులో భాగం.

కిలో చెడ్డార్‌కు పది లీటర్ల ఆవుపాలు పడతాయి. బర్రెపాలైతే అంతకన్నా తక్కువ చాలు. ఎలా చేసినా పాలలో ఎక్కువ భాగం తేటగా బయటికి పోతుంది. అందులో పాలచక్కెరా, జున్నును జున్ను చేసే తరహా తేట ప్రొటీన్లూ ఉంటాయి. కాలువలో వదిలితే నీళ్లలోని ప్రాణవాయువును పీల్చేసి చేపల్ని చంపుతుంది. పశువుల కుడితిలో కలిపితే మేత అవుతుంది. పల్లెలో చీజ్ పెట్టాలనుకునేవాళ్లు మొదట ఆలోచించాల్సింది గడ్డ గురించి కాదు, తేట గురించి.

అంతదాకా ఊరి పాలు పాల సేకరణ కేంద్రానికే పోతాయి. అక్కడ చిన్న గిన్నెడు పాలను యంత్రం కింద పెడితే కొవ్వు శాతం అంకెల్లో వస్తుంది. ఆ అంకెను బట్టే డబ్బు. కొత్తగా ఈనిన బర్రె పాలను కేంద్రం నాలుగైదు రోజుల దాకా తీసుకోదు. డెయిరీలో పాశ్చరైజర్ వేడికి అవి గొట్టాల్లోనే జున్నయిపోతాయి. అందుకే ఇంట్లో ప్రతి పొద్దూ కొన్ని పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి చూస్తారు. మూడో రోజు అంచుల్లో పలుకులు కడతాయి. నాలుగో రోజు ఒకటి రెండు పలుకులు. అయిదో రోజు పాలు పొంగి, తరక కట్టి, పాలుగానే నిలుస్తాయి. ఆ సాయంత్రం దూడ నాలుగు గుక్కలు కుడిచాక పిండిన పాలు మొదటిసారి క్యాన్‌లోకి పోస్తారు.